ఈ కాలమ్ ఎందుకు?

(ఒక ప్రధానోపాధ్యాయుడి జ్ఞాపకార్థం పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన నిధి తరఫున చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారు లెక్కలు ఎలా చెప్పేవారో, సైకిలు మీద ఎన్ని పల్లెలు తిరిగి పిల్లల్ని బడికి రప్పించారో ఈ వేదిక మీద ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. నేను అటు వెళ్లను. ఇవాళ్టి విషయానికి పనికొచ్చే ఒక్క అలవాటు గురించి చెబుతాను. స్కాలర్‌షిప్పులు వచ్చినప్పుడు ఆయన ఆ జాబితా తరగతిలో చదివేవారు కాదు. అటెండరును పంపి ఒక్కొక్కరినీ ఆఫీసు గదికి పిలిపించేవారు. సంతకం పెట్టించుకుని, డబ్బు చేతిలో పెట్టి, వెళ్లి చదువుకోమనేవారు. పూటలో అయ్యే పని రెండు రోజులు సాగుతోందని గుమాస్తాగారు సణిగేవారు.

ఆ రోజుల్లో చాలా బళ్లలో పద్ధతి వేరు. “ఎస్సీలు లేచి నిలబడండి, బీసీలు చేతులెత్తండి” అని తరగతి మధ్యలో లెక్కపెట్టుకునేవారు. అలా లేచి నిలబడినవాళ్లు ఈ సభలోనే ఉంటారు. ఎవరిది ఏ పేటో, ఏ కులమో ఊరంతటికీ తెలుసు కదా, ఇందులో దాచేదేముంది అనవచ్చు. తెలుసు, నిజమే. లేచి నిలబడ్డ పిల్లవాడి పక్కన ఆ మధ్యాహ్నం అన్నానికి ఎవరు కూర్చున్నారో, ఎవరు జరిగి కూర్చున్నారో కూడా తెలుసు. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి తీసుకున్న వివరం స్కాలర్‌షిప్ దగ్గరే ఆగాలని మాస్టారి పట్టుదల. దానికి ఆయన ఏ పేరూ పెట్టలేదు. ఇప్పుడు దాని చుట్టూ చట్టాలు, నియమాలు, వందల కోట్ల జరిమానాలు వచ్చాయి.

నేను ఉద్యోగమంతా డేటాబేసుల మధ్య గడిపినవాణ్ణి. ఆ పనిలో నాకు అబ్బిన ఒక అనుమానం ఇవాళ మీ ముందు పెడతాను. పిల్లల వివరాలు ఎక్కడ దాచాలి, ఎంత గట్టి తాళం వెయ్యాలి అని అందరూ మాట్లాడుతున్నారు. అసలు ఆ వివరం ఎందుకు అడిగారు అని అడిగేవాళ్లు తక్కువ. నా అనుమానమల్లా తాళం మీద కన్నా ఫారంలో ఆ వివరం కోసం పెట్టిన ఖాళీ కాలమ్ మీద.

పాత అడ్మిషన్ రిజిస్టరు మీకందరికీ గుర్తే. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, అంతకుముందు చదివిన బడి. పదో తరగతి చేరేసరికి ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రాసుకునేవారు, అవి ఎస్సెస్సీ సర్టిఫికెట్ మీద అచ్చయ్యేవి. ఆడపిల్లల విషయంలో ఆ మచ్చల వేట ఎంత ఇబ్బందిగా ఉండేదో మా తరం అక్కచెల్లెళ్లను అడగండి. అంటే పాత కాలం అమాయకమైనదేమీ కాదు. అయితే ఆ రిజిస్టరు ఒక్కటే ఉండేది. బీరువాలో ఉండేది, తాళంచెవి హెచ్‌ఎం దగ్గర ఉండేది. ఎవరైనా చూడాలంటే ఈ ఊరికి రావాలి, మాస్టారి ఎదట కూర్చోవాలి, ఎందుకో చెప్పాలి.

ఇప్పుడు ప్రభుత్వ బడిలో చైల్డ్ ఇన్ఫో, యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ పట్టికలు నింపే టీచర్లు నాకన్నా బాగా చెప్పగలరు. ఆధార్ నంబరు, తల్లి ఫోన్ నంబరు, కులం, వైకల్యం ఉంటే ఏ రకమో, ఎత్తు, బరువు, రక్తం గ్రూపు. పథకం వచ్చినప్పుడల్లా బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు తోడవుతాయి. ప్రైవేటు బడుల యాప్‌లలో ఇంకొన్ని: బస్సు ఎక్కడుందో నిమిషానికోసారి చెప్పే జీపీఎస్, ఫీజు బకాయి, హోంవర్కు ఎప్పుడు తెరిచి చూశారో ఆ సమయం, వార్షికోత్సవం ఫొటోలు. ఆ ఫొటోల్లో ముఖంతో పాటు మెడలో వేలాడే ఐడీ కార్డు, దానిమీద ఇంటి చిరునామా. కార్డు మీద చిరునామా ఎందుకు ముద్రిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. పిల్ల దారి తప్పితే పనికొస్తుందంటారు. అందుకు బడి ఫోన్ నంబరు చాలు.

ఇవన్నీ ఎక్కడికి వెళ్తాయో ఒక తెలిసిన ఉదాహరణతో చూద్దాం. దీక్ష అనే చదువు యాప్ మీకందరికీ పరిచయమే. 2017 నుంచి ఉంది, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి నడుపుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన ఉండే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే అక్కడికే తీసుకెళ్తుంది. కరోనాలో బళ్లు మూతబడ్డప్పుడు అది ఎందరో పిల్లలకు తరగతి గది అయింది. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లలకు సిఫారసు చేసిన చదువు యాప్‌లను, వెబ్‌సైట్లను 160కి పైగా విప్పి చూసి 2022 మేలో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించే, లేదా కలిగించగల పద్ధతుల్లో సమాచారం సేకరిస్తున్నాయని తేల్చింది. దీక్ష కూడా అందులో ఉంది. ఫోను ఎక్కడుందో కచ్చితంగా పట్టుకోగల ఏర్పాటు దానిలో ఉందని, ప్రకటనల కోసం ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్యను గూగుల్‌కు పంపుతోందని రాసింది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2023 జనవరిలో, వైర్డ్ పత్రిక ఇంకో సంగతి బయటపెట్టింది. దీక్షకు చెందిన ఒక క్లౌడ్ నిల్వకు తాళమే లేదు. పది లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, దాదాపు 6 లక్షల మంది పిల్లల వివరాలు ఏడాదికి పైగా బహిరంగంగా పడి ఉన్నాయి. పిల్లల ఫోన్ నంబర్లు సగం కప్పి ఉన్నా పేర్లు, ఏ బడో, ఎప్పుడు చేరారో కనిపిస్తూనే ఉన్నాయి. ఎవరో దొంగ గోడ దూకి చేసిన పని కాదిది. ఎవరూ దూకక్కర్లేకుండా వదిలేసిన గోడ.

పాఠం చెప్పడానికి పిల్లవాడు ఎక్కడ కూర్చున్నాడో తెలియాలా? భిన్నాల కూడిక రేపల్లెలో ఒకలా, ఆదిలాబాదులో ఒకలా ఉండదు కదా.

యాప్ తయారుచేసేవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. వాళ్ల పని తీరే అలాంటిది. ఒక యాప్‌ను మొదటి అక్షరం నుంచి ఎవరూ రాయరు. అది ఎక్కడ ఆగిపోతోందో చెప్పే ముక్క ఒక కంపెనీది, ఎంతమంది వాడుతున్నారో లెక్కించే ముక్క మరొకరిది, నోటిఫికేషన్లు పంపేది ఇంకొకరిది. అన్నిటినీ తెచ్చి అతుకుతారు. అతికిన ప్రతి ముక్కా తన సొంత ఊరికి కబురు పంపుకుంటూనే ఉంటుంది. బడికి యాప్ అమ్మిన చిన్న కంపెనీ యజమానికే ఆ కబుర్ల సంగతి పూర్తిగా తెలియకపోవచ్చు. ఇక నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం సిగ్గుపడేంత చిన్నవి. మార్కుల కార్డు లింకు చివర రోల్ నంబరు ఉంటుంది, ఆ అంకె మార్చి కొడితే పక్కవాడి కార్డు తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పుట్టిన తేదీ. తరగతిలో చాక్లెట్లు పంచినరోజే అది అందరికీ తెలిసిపోతుంది.

పేర్లు తీసేస్తే సరిపోతుంది కదా అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు. లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో ఒక లెక్క చూపించారు. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్ కోడ్, ఈ మూడూ చేతిలో ఉంటే అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని. మన దగ్గర అంత లెక్క కూడా అక్కర్లేదు. ముప్పై మంది పిల్లలున్న ఏజెన్సీ బడి జాబితాలో “ఏడో తరగతి, బాలిక, వినికిడి లోపం, ఒకరు” అని ఉంటే ఆ అమ్మాయి పేరు రాయకపోతే మాత్రం ఆ మండలంలో తెలియనిదెవరికి?

పరదేశంలో వ్యవస్థలు గట్టివి, అక్కడ ఇలా జరగదు అనుకునేవాళ్ల కోసం ఒక మాట. అమెరికా, కెనడా బళ్లలో పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్ చాలా వాడుకలో ఉంది. నార్త్ కరోలినాలో రాష్ట్రమంతా ప్రభుత్వ బళ్లు దాన్నే వాడేవి. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ రాష్ట్రాల్లో అదొకటి. 2024 డిసెంబరులో ఎవరో దొంగిలించిన ఒకే ఒక్క లాగిన్‌తో లోపలికి వచ్చారు. ఆ ద్వారానికి రెండో తాళం, అంటే ఫోనుకు వచ్చే ఓటీపీలాంటిది, లేదు. పట్టుబడ్డవాడు 19 ఏళ్ల కాలేజీ కుర్రవాడు, తరవాత నాలుగేళ్ల శిక్ష పడింది. 6 కోట్లకు పైగా విద్యార్థుల వివరాలు తన దగ్గరున్నాయని బెదిరించి 28.5 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగారు. కంపెనీ డబ్బు చెల్లించింది. కాజేసిన వివరాలు చెరిపేశామని వీడియో కూడా చూపించారట. 2025 మేలో అవే వివరాలతో నేరుగా బడుల యాజమాన్యాలకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి.

ఈ కథలో నన్ను ఆపింది ఆ కుర్రవాడు కాదు, టొరంటో. ఆ నగర పాఠశాలల బోర్డు ఇచ్చిన ప్రకటన ప్రకారం బయటికి పోయిన వివరాలు 1985 నుంచి ఉన్నవి. 1985లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఇప్పుడు నలభై అయిదు దాటిన తల్లి. ఆమె బడి వదిలాక కంప్యూటర్లు మారాయి, కంపెనీలు మారాయి, ఆమె ఇంటిపేరే మారి ఉండవచ్చు. ఆమె వివరాలు మాత్రం ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి శ్రద్ధగా బదిలీ అవుతూ వచ్చాయి. చెరిపెయ్యడం ఎవరి ఉద్యోగమూ కాదు కాబట్టి. మన బళ్లలో అటెండెన్స్ రిజిస్టరు ఎన్నాళ్లు ఉంచాలి, టీసీ రికార్డు ఎన్నాళ్లు ఉంచాలి అని ఆఫీసు వాళ్లకు ఒక లెక్క తెలుసు. బడి మారినప్పుడు, లేదా బడే యాప్ మార్చినప్పుడు పాత యాప్‌లోని పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్న వేసినచోటల్లా నాకు ఎదురైంది మౌనమే.

ఇక అనుమతి సంగతి. అందరూ దాన్నే అడ్డుపెట్టుకుంటున్నారు కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఉంటాను.

స్వీడన్ ఉత్తరాన షెలెఫ్టియో అనే పట్టణం. అక్కడి ఒక హైస్కూల్లో 22 మంది పిల్లల హాజరును ముఖం గుర్తుపట్టే కెమెరాతో కొన్ని వారాలు తీసుకుని చూశారు. టీచర్ల సమయం కలిసొస్తుందని. కుటుంబాల అనుమతి తీసుకున్నారు, సంతకాలు ఉన్నాయి. 2019 ఆగస్టులో ఆ దేశపు డేటా రక్షణ సంస్థ ఆ మున్సిపాలిటీకి 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. సంతకాలు చెల్లవంది. బడికీ పిల్లవాడికీ మధ్య బలం సమానంగా లేదు, మార్కులూ భవిష్యత్తూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు అడిగితే ఇచ్చిన అనుమతి స్వేచ్ఛగా ఇచ్చింది అనిపించుకోదు అని కారణం చెప్పింది. పైగా హాజరు తీసుకోవడానికి ఇంత అవసరమా అని కూడా అడిగింది.

ఇరవై ఇద్దరు పిల్లలు, కొన్ని వారాలు. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వ బళ్లలో పిల్లల హాజరుకు ముఖ గుర్తింపు యాప్ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో టీచర్లకే ముఖ హాజరు పెట్టినప్పుడు సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. సొంత ఫోన్లో ప్రభుత్వ యాప్ ఎందుకు వేసుకోవాలి, మా ఫోన్లోని వివరాల మాటేమిటి అని అడిగాయి. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే సంఘం ఆరో తరగతి పిల్లలకు లేదు. వాళ్ల తరఫున అడగవలసింది ఆ టీచర్లే, తల్లిదండ్రులే.

అపార్ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య కూడా అలాంటి సంతకాల మీదే నడుస్తోంది. 2023 చివర నుంచి ఒక్కో విద్యార్థికీ 12 అంకెల శాశ్వత సంఖ్య ఇస్తున్నారు. ఆధార్‌తో ముడిపెట్టి, మార్కులూ సర్టిఫికెట్లూ డిజీలాకర్‌లో చేర్చడం దాని ఉద్దేశం. బడి మారినప్పుడు, కాలేజీలో చేరినప్పుడు పనులు సులువవుతాయి. ఆ సౌకర్యాన్ని నేను కాదనను, టీసీ కోసం మూడుసార్లు తిరిగిన తండ్రి బాధ నాకు తెలుసు. అది ఐచ్ఛికమని, తల్లిదండ్రుల అనుమతితోనేనని కేంద్రమే చెబుతోంది. అయితే ఐచ్ఛికమైన దానికి లక్ష్యం ఎందుకు ఉంటుంది? మీ బడిలో ఎంత శాతం పూర్తయింది అని ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోను వస్తుంటే హెచ్‌ఎం ఏం చేస్తారు? ఫారం పిల్లల చేతికిచ్చి, రేపు సంతకం చేయించుకు రమ్మంటారు. సంతకం రాకపోతే పిల్లవాణ్ణి అడుగుతారు. ఇంట్లో అమ్మ ఆ ఫారం చదివిందా? చదివి, వద్దు అని రాసే గడి అందులో ఎక్కడైనా కనబడిందా? 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చెయ్యకూడదని స్పష్టంగా చెప్పింది. మేజరయ్యాక పిల్లలు ఆధార్ నుంచి బయటికి రావచ్చని కూడా అంది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా అడ్మిషన్ల రోజున కౌంటరు దగ్గర మొదట అడిగే కాగితం ఏదో ఈ సభలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ సందర్భంలో మనవాడొకాయన్ని తలచుకోవాలి. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, తరవాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి ఇంటి తలుపు కొట్టేవారు, ఊరు దాటితే ఎక్కడికి వెళ్లాడో కనుక్కునేవారు. కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. 1962 డిసెంబరులో తీర్పునిచ్చిన న్యాయమూర్తుల్లో ఎక్కువమంది రాత్రిపూట ఇంటికి రావడం మాత్రం తప్పన్నారు, గోప్యత అన్నది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో ఆ మాట విడిగా రాసి లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని, మనిషిని వెంటాడే నిఘా మొత్తం చెల్లదని వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. అల్పసంఖ్యాక తీర్పు కదా, పుస్తకాల్లో ఉండిపోయింది.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనంది, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుగారు చెప్పిందే సరైనదంది. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. ఒక మనిషి పేరున రికార్డు తెరవడం, దాన్ని పెంచుతూ పోవడం, అది ఎప్పుడు మూస్తారో అతనికి తెలియకపోవడం: అప్పటి అభ్యంతరం సారాంశం ఇదే. పిల్లలకిచ్చే అపార్ సంఖ్యను నేను హిస్టరీ షీట్ అనడం లేదు, అనకూడదు కూడా. కాని ఎనిమిదో తరగతిలో తప్పిన సబ్జెక్టు, ఏడాది మానేసిన చదువు ముప్పై ఏళ్లకు ఉద్యోగమిచ్చేవాడి తెర మీద కనబడాలా అన్న ప్రశ్న వెయ్యడానికి ఆ తీర్పు మనకు దారి ఇచ్చింది.

చట్టం కూడా వచ్చింది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లందరూ దాని లెక్కలో పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజంగా వాళ్లదేనని నిర్ధారించుకోవాలి. పిల్లల్ని వెంటాడి గమనించకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. సరైన భద్రత లేక వివరాలు బయటికి పోతే 250 కోట్ల దాకా. నియమాలు రావడానికే ఇంకో రెండేళ్లు దాటింది. 2025 నవంబరు మధ్యలో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే.

అంకెలు చూసి సంబరపడకండి. ఆ 200 కోట్లు వచ్చేది వివరాలు పోయిన పిల్లకు కాదు, ప్రభుత్వ ఖజానాకు. అంతకుముందు ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షను కింద నష్టపోయినవాళ్లు కంపెనీ నుంచి పరిహారం కోరే వీలుండేది. కొత్త చట్టం ఆ సెక్షనును తొలగించే ఏర్పాటు చేసింది. పైగా పసలేని ఫిర్యాదు చేస్తే ఫిర్యాదుదారు మీదే పదివేల దాకా జరిమానా! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని మళ్లీ చదివాను.

బళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. విద్యాసంస్థ తన చదువు పనుల కోసం, పిల్లల భద్రత కోసం గమనించడానికి తల్లిదండ్రుల అనుమతి షరతు, గమనింపు నిషేధం రెండూ వర్తించవని నియమాల నాలుగో షెడ్యూలు అంటోంది. బడి బస్సు ఎక్కడుందో చూడటానికీ అలాగే. ఇది కొంతవరకు సబబే. హాజరు వెయ్యడానికి రోజూ సంతకం అడగలేం. కాని చదువు పని అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? పరీక్షలో వెనకబడ్డ పిల్లవాడికి మళ్లీ చెప్పడం చదువు పని. అతని వెనకబాటును లెక్కగట్టి వాళ్ల నాన్న ఫోనుకు ట్యూషన్ ప్రకటన పంపడమూ చదువు పనేనని వాదించే కంపెనీలు వస్తాయి. ప్రభుత్వం దగ్గరున్న వివరాలకైతే, పని అయిపోయాక చెరిపెయ్యాలన్న బాధ్యతే ఈ చట్టం పెట్టలేదు. ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకూ, ప్రైవేటు బడిలో చదివే పిల్లలకూ మధ్య ఇంకో తేడా ఇలా పుట్టింది.

ఇక మన ప్రత్యేకత. దీనికి విదేశీ ఉదాహరణ అక్కర్లేదు.

పదో తరగతి పరీక్షలు కాకముందే తల్లిదండ్రుల ఫోన్లు మోగడం మొదలవుతుంది. “సార్, మీ అబ్బాయి ఫలానా స్కూల్లో టెన్త్ కదా, మాథ్స్ బాగా చేస్తాడట, ఎంపీసీలో సీటు ఉంది, ఇప్పుడు కడితే రాయితీ.” అబ్బాయి పేరు, బడి, మార్కులు, తండ్రి నంబరు, అన్నీ ఫోను చేసిన ఆ కాలేజీ పీఆర్వోకు తెలుసు. ఎలా తెలిశాయి? కొన్నిచోట్ల బడి గుమాస్తా దగ్గర, కొన్నిచోట్ల టాలెంట్ టెస్ట్ పేరుతో పిల్లలే నింపిన కాగితంలో, కొన్నిచోట్ల ఒక ఎక్సెల్ షీటు చేతులు మారి. ఇంటరయ్యాక ఇంజనీరింగ్ కాలేజీల ఏజెంట్లు, ఇంజనీరింగయ్యాక విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఒకే కుటుంబానికి ఈ మూడు దశల ఫోన్లూ వరసగా వస్తాయి. హ్యాకర్ల గురించి భయపడే మనం ఈ వ్యాపారాన్ని సహజమనుకున్నాం. ఆడపిల్ల ఉన్న ఇంట్లో తెలియని నంబర్ల నుంచి రోజూ ఫోన్లు రావడం ఎంత చికాకో, ఆ చికాకు చివరికి అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కోవడంగా ఎన్ని ఇళ్లలో తేలిందో నేను చెప్పక్కర్లేదు.

ఫలితాల మర్నాడు పేపరు మొదటి పేజీ తెరవండి. పిల్లల ఫొటోలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ర్యాంకులు, స్టాంపు బిళ్లల్లా వరసలు వరసలు. ఆ నంబరుకు పుట్టిన తేదీ తోడైతే చాలాచోట్ల మార్కుల జాబితా మొత్తం తెరుచుకుంటుంది. ఆ ప్రకటనకు పిల్లవాడి అనుమతి ఎప్పుడు తీసుకున్నారు? చేరిన రోజు నింపిన ఫారంలో ఎక్కడో ఒక వాక్యం ఉండి ఉండవచ్చు. మొదటి ర్యాంకు వచ్చినవాడికి అది గౌరవంగానే ఉంటుంది, ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. ఆ ఫొటో లేని వందలమందిని చూసి ఊళ్లో చుట్టాలు అడిగే ప్రశ్న మాత్రం పరీక్ష కన్నా కఠినం. పిల్లల మార్కులు ఊరందరి ఆస్తి అన్న భావం మనకు యాప్‌లు రాకముందే ఉంది. యాప్‌లు దాన్ని చవక చేశాయి, అంతే.

అందుకని ఉపాధ్యాయులకు నా మనవి సాంకేతికమైనది కాదు. పిల్లల ఆధార్ కార్డులు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని పైనుంచి అడిగితే, వేరే దారి చెప్పమని రాతపూర్వకంగా అడగండి. అప్‌లోడ్ అయ్యాక ఫోను గ్యాలరీలోంచి తీసెయ్యండి. ఆ ఫోనుతోనే ఇంట్లో మనవడు ఆటలాడుకుంటాడు. వైకల్యం, ఆరోగ్యం, ఫీజు బకాయి, ఈ మూడూ తరగతి గ్రూపులో ఎప్పుడూ పెట్టకండి. ఫీజు కట్టనివాళ్ల జాబితా గ్రూపులో పెట్టే బళ్లు ఉన్నాయని విన్నాను. తరగతిలో నిలబెట్టి కులం అడిగిన పద్ధతికీ దానికీ తేడా నాకు కనబడలేదు.

పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక పని ఉంది. యాప్ అమ్మడానికి వచ్చినవాణ్ణి ఎన్ని సౌకర్యాలున్నాయో చెప్పనివ్వండి, మంచి కాఫీ ఇవ్వండి. తరవాత ఆ యాప్ అడిగే కాలమ్‌ల జాబితా కాగితం మీద రాసి ఇమ్మనండి. ఒక్కొక్కదాని ఎదురుగా ఇది దేనికి, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరుపుతారు అని పూరించమనండి. జవాబు లేని కాలమ్ కొట్టెయ్యండి. మతం కాలమ్ హోంవర్కు యాప్‌లో ఎందుకుంటుంది? తల్లి చదువు, తండ్రి ఆదాయం ఫీజు రసీదులో ఎందుకు? నేను చూసిన మేరకు కాలమ్‌లలో చాలా భాగం ఎవరూ కావాలని పెట్టినవి కావు. అంతకుముందు ఇంకో బడికి చేసిన యాప్ నుంచి అలాగే వచ్చేశాయి. అడిగితే పోతాయి. ఒప్పందం ముగిసిన రోజున వివరాలు తిరిగి ఇచ్చి, తమ దగ్గరున్నవి చెరిపేశామని సంతకంతో రాసివ్వాలన్న షరతు కూడా అందులోనే పెట్టించండి. టొరంటోకు 1985లో అలా రాయించుకునేవాళ్లు లేరు.

పైతరగతుల పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు పద్దెనిమిది నిండిన రోజు నుంచి మీ వివరాల మీద హక్కు మీదే, అమ్మా నాన్నల సంతకంతో పని లేదు. 2027 మే తరవాత మీరు చిన్నప్పుడు చదివిన ప్రైవేటు బడికో, కోచింగ్ యాప్‌కో, ట్యూషన్ కంపెనీకో ఒక ఉత్తరం రాయవచ్చు. నా గురించి మీ దగ్గర ఏమేమి ఉన్నాయో, ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి అని, ఇక అవసరం లేనివి చెరిపెయ్యండి అని. చట్ట ప్రకారం వాళ్లు జవాబివ్వాలి. తెలుగులోనే రాయండి. మీకు వచ్చిన జవాబులు ఈ నిధి కార్యదర్శిగారికి ఒక ప్రతి పంపితే వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవారికి నాకన్నా మంచి సామగ్రి దొరుకుతుంది.

 అధ్యక్షులవారు అనుమతిస్తే ప్రశ్నలు తీసుకుంటాను. పిల్లలు ముందు అడగండి.